బండ్లు తప్పుకొని పోయే చోటు

ఆయన చనిపోయిన నెల తర్వాత కూడా మా యార్డులో ట్రాక్టర్లు ఆయన్ని తప్పించుకొనే పోయాయి.

పొద్దున చెత్త బండ్లు బయలుదేరే వేళకు గేటు దగ్గర నిలబడి చూశాను. మొదటి ట్రాక్టరు షెడ్డులోంచి వచ్చింది. యార్డు నడుమకు వచ్చేసరికి ఎడమకు మళ్ళి, అక్కడ ఎవరో నిలబడి ఉన్నట్టు చుట్టూ తిరిగి, గేటు దారి పట్టింది. దాని వెనక రెండోదీ అంతే. నీళ్ళ ట్యాంకరూ అంతే. ఆఖరున వచ్చిన ఆటో ట్రాలీ డ్రైవరు కొత్తగా చేరినవాడు. ఆయన్ని ఒక్కనాడూ చూడనివాడు. వాడు కూడా సరిగ్గా అక్కడే మళ్ళాడు. చేయి అడ్డం పెట్టి ఆపాను.

"అక్కడేముందని తిరిగి పోతున్నవ్?"

"ఏమో సార్. అందరు గట్లనే పోతున్నరు" అన్నాడు. ఆ చోటు వైపు చూసి, "నడుమలకెల్లి పోవాలంటే ఎట్లనో అనిపిస్తది సార్" అన్నాడు.

బండ్లన్నీ పోయాక ఆ చోటికి నడిచాను. నేల మీద టైర్ల జాడలు గుండ్రంగా పడి ఉన్నాయి. ఆ గుండ్రంలో వానలకు గడ్డి లేచింది. నడిమధ్యన రెండు పాదాలు పట్టేంత మేర మాత్రం గడ్డి రాలేదు. గడ్డి అంచు దాకా పోయి నేను ఆగిపోయాను. ఆ డ్రైవరుకు తెలియదు గాని నాకు తెలుసు. దాని కింద బావి ఉంది. బావి లేదని కాగితం మీద రాసింది నేనే.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఖేడ్ ఊళ్ళో కూడా ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. పంచు తాత అనేవాళ్ళు. ఎండిన కందికట్టెలాంటి మనిషి. తెల్లంగీ, పొట్టి ధోతి, భుజం మీద తువ్వాల. మెడ వెనక తెల్ల వెంట్రుకల్లో ఎప్పుడూ ఒక ఊదా మరక ఉండేది. వేలిముద్ర వేయగానే సిరా అంటిన బొటనవేలిని తల వెనక రుద్దుకొనేవాడు. మరక ముదురుగా ఉంటే ఆ వారం సాక్ష్యాలు ఎక్కువని, వెలిసిపోతే తక్కువని హోటల్లో కూర్చున్నవాళ్ళు లెక్క కట్టేవాళ్ళు.

ఆయన పని సాక్ష్యం చెప్పడం. ఒక స్థలం గురించి ఏదైనా తేల్చాలంటే ఐదుగురు స్థానికుల ఎదుట దాన్ని చూసి, ఉన్నది ఉన్నట్టు రాసి, చదివి వినిపించి, వాళ్ళ చేత సంతకాలు పెట్టించాలి. దాన్నే పంచనామా అంటారు, ఆ సాక్షులను పంచులంటారు. పద్ధతి అది. నేను చేసేది వేరు. టేబుల్ దగ్గర కూర్చొని ముందే రాసుకొనేవాణ్ణి. హోటల్‌కు పోయి చాయ్ తాగుతూ సంతకాలు తీసుకొనేవాణ్ణి. నలుగురు చదవకుండానే పెట్టేవాళ్ళు. ఐదో మనిషిగా పంచు తాత దొరికితే మాత్రం పని ఆగిపోయేది.

"సూడని దానికి ఏలు పెట్ట" అనేవాడు. "సూసినట్టు నువ్వు రాస్తివి. సూడకపోతి నేను. ఇద్దర్ల ఎవడు దొంగ?"

తొందరున్న రోజు ఆయన్ని తప్పించి ఇంకొకర్ని వెతుక్కొనేవాణ్ణి. కాని పెద్ద పని అయితే ఆయన వేలే కావాలి. పంచు తాత వేలిముద్ర ఉన్న కాగితం మీద ఖేడ్‌లో ఎవరూ తగాదా పెట్టరు. ఆయన కాలు పెట్టి చూడనిదే వేలు పెట్టడని అందరికీ తెలుసు.

ఆయనకు చెవులు వినపడవు. కల్హేర్ పోయే తోవలో ఒకప్పుడు పత్తి మిల్లు ఉండేది. గింజ తీసే మిషన్ల మధ్య వయసంతా గడిపాడు. ఆ మోత చెవులను తినేసింది. అందుకని ఏది చెప్పినా అరిచే చెప్పేవాడు. రహస్యం చెప్పాలంటే మన మీదికి వంగి, నోటికి చేయి అడ్డం పెట్టుకొని, బస్ డిపో దాకా వినపడేటట్టు చెప్పేవాడు.

"చెవులు లేనోని సాక్ష్యం కోర్టుల నిలుస్తదా తాతా?" అని హోటలాయన వెక్కిరించేవాడు.

"విననీకె పోతున్ననా బే? సూడనీకె పోతున్న. నీ చాయ్‌ల పాలు లేవని సాక్ష్యం జెప్పనీకె చెవులెందుకు?"

ఎవరితో మాట్లాడినా ఆయన కళ్ళలోకి చూసేవాడు కాదు. నోటి వైపే చూసేవాడు. మాట ఆగినా చూపు నోటి మీద నుంచి కదిలేది కాదు. కొత్తవాళ్ళకు ఇబ్బందిగా ఉండేది, పళ్ళలో ఏదన్నా ఇరుక్కుందేమో అని నాలుకతో తడుముకొనేవాళ్ళు. చెవిటివాళ్ళ అలవాటులే అనుకొని నేను పట్టించుకోలేదు. పట్టించుకొని ఉంటే బాగుండేది.

మా మున్సిపల్ ఆఫీసులో నక్షాలు గీసే పని నాది. ఊరి నక్షాలో ఇళ్ళకు పసుపు, దుకాణాలకు నీలం, కార్ఖానాలకు ఊదా రంగు వేస్తాం. నేను ఖేడ్ వచ్చిన కొత్తలో ఊదా ముక్కలు అక్కడక్కడా ఉండేవి. నూనె మిల్లు పసుపు అయింది. పప్పు మిల్లు నీలం అయింది. చివరికి పత్తి మిల్లు స్థలం ఒక్కటే ఊదాగా మిగిలింది. మిల్లు మూతపడి, మిషన్లు తుక్కు కింద అమ్ముడుపోయి, నేల ప్రభుత్వానికి తిరిగి వచ్చింది. దాని మీద చాలామందికి కన్ను. ఆ ముక్క కూడా ప్లాట్లు అయిపోతే ఊరి పనులకు ఇక జాగా ఉండదు.

ఊరి పనులంటే ఎవరూ పక్కన ఉండొద్దనుకొనేవి. చెత్త వేరు చేసే షెడ్డు. మురుగు ఎత్తే లారీలు నిలిపే చోటు. నీళ్ళ ట్యాంకర్లు నింపే చోటు. ఊడ్చే ఆడవాళ్ళు చీర మార్చుకోవడానికి ఒక గది. అందరికీ కావాలి, ఎవరి గోడ పక్కనా వద్దు. అవన్నీ ఆ మిల్లు స్థలంలో ఇమిడేటట్టు నేనొక నక్షా గీశాను. స్థలం పొడుగ్గా, సన్నగా ఉంటుంది. బండి లోపలికి వచ్చి మళ్ళీ తిరగాలంటే నడుమ ఒక్కచోటే వీలు. ఆ తిరిగే చోటు చుట్టూ మిగతావన్నీ అమర్చాను. ఒక్క గీత అటు ఇటు జరిపితే మొత్తం పాడవుతుంది. నా ఉద్యోగంలో నేను గీసిన మంచి నక్షా అదే. దాన్ని రోజుకు రెండుసార్లన్నా విప్పి చూసుకొనేవాణ్ణి. తప్పు అక్కడ మొదలైందనుకుంటాను. ఊరి కోసం గీసిన నక్షా ఎప్పుడో నా కోసమైపోయింది.

పంచనామాకు పంచు తాతను తీసుకొని పోయాను. ఎండాకాలం, మధ్యాహ్నం దాటింది. మిగతా నలుగురి సంతకాలు అప్పటికే హోటల్లో అయిపోయాయి. గేటు బయటనే ఆయన చెప్పులు విడిచాడు.

"కాళ్ళు కాలుతయి తాతా" అని సైగ చేశాను.

"లోపట కాళ్ళే చెవులు" అని అరిచాడు. "మిల్లు నడిచిన్నాడు ఏ మిషన్ల బేరింగ్ పోతున్నదో అరికాలు తోటి జెప్పేటోన్ని. మేస్త్రి వచ్చి నన్నే అడిగేటోడు."

లోపల గోడలు తప్ప ఏమీ లేవు. పైకప్పు రేకులు ఎవరో పీక్కుపోయారు. గోడల మూలల్లో పాత దూది నల్లబడి అతుక్కొని ఉంది. ఆయన నాలుగడుగులు వేసి ఆగాడు. కాళ్ళు ఎడం చేసి, కుడి అరచేతిని నేల వైపు వంచి, అల్లరి చేసే పిల్లల్ని ఊకోబెట్టినట్టు పట్టుకున్నాడు. చాలాసేపు అట్లాగే ఉన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నడుస్తున్నది సారూ."

"ఏంది?"

"మిల్లు."

నవ్వాను. ఆయన నవ్వలేదు. "బూట్లిడువు" అన్నాడు. ఆయన్ని తొందరగా ఒప్పించి పని ముగించాలని బూట్లు విడిచాను. నేల కాలుతోంది. ఒక నిమిషం దాకా కాలే నేల తప్ప ఏమీ తెలియలేదు. తర్వాత అరికాళ్ళ కింద ఎక్కడో లోతున సన్నటి వణుకు ఉన్నట్టు అనిపించింది. పెద్ద రోడ్డు మీద లారీలు పోతున్నాయేమో. అట్లాగే అనుకొని గబగబా బూట్లు తొడుక్కున్నాను. ఆ తర్వాత ఎన్నడూ ఆ నేల మీద బూట్లు విడవలేదు.

ఆయన అరికాళ్ళతో తడుముకుంటూ నెమ్మదిగా నడుమకు నడిచాడు. ఒకచోట అడుగు ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగి, వెనక్కి తీసుకున్నాడు.

"గీడ బాయి."

నాకు నక్షా కళ్ళ ముందు మెదిలింది. సరిగ్గా బండ్లు తిరిగే చోటు.

"పత్తికి నిప్పు భయం గదా, అందుకని తవ్విచ్చిన్రు. బోరు పడ్డంక అక్కరలేకపాయె. మూయుమన్నరు. నేనే మూసిన, ఇంకా ముగ్గురుండె. దూలాలు పరిచి, మీద రేకులేసి, మట్టి పోసినం."

"నింపలేదా?" రెండు చేతులతో బావిలో మట్టి పోస్తున్నట్టు చూపించాను.

"నింపలే సారూ. కప్పినం." తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "నింపుడు వేరే, కప్పుడు వేరే. మేస్త్రికి జల్దీ గావాలె. మేం గూడ జల్దీ చేసినం. గా ముగ్గురు పోయిన్రు. ఇగ తెల్సినోన్ని నేనొక్కన్నే. రాయి."

నా చేతిలో కాగితం ముందే టైపు చేసి ఉంది. 'సదరు స్థలంలో బావులు, గుంతలు, కట్టడాలు ఏవీ లేవు.' పెన్ను జేబులోనే ఉంది. ఒక్క గీతతో కొట్టేయవచ్చు. కొట్టేస్తే భూగర్భ జలాలవాళ్ళు రావాలి, బావి పూడ్చాలి, కాగితాలు మళ్ళీ మొదటి నుంచి తిరగాలి. ఈలోగా ఎవరో ఒకరు ఆ ముక్కను పసుపు చేసేస్తారు. ఇదంతా ఊరి మంచి కోసమే అని నాకు నేను చెప్పుకున్నాను. నిజం అంతకన్నా చిన్నది. నా నక్షా చెడిపోతుంది. అంతే.

పద్ధతి ప్రకారం చదివి వినిపించాలి. చెవిటి మనిషికి ఏం వినిపించినా ఒకటే గదా అనుకున్నాను. ఆయన ఎదురుగా నిలబడి, ఉన్నది ఉన్నట్టే చదివాను. బావులు, గుంతలు, కట్టడాలు ఏవీ లేవు. ఆయన నా నోటి వైపు చూస్తున్నాడు.

"బాయి రాసినవా?" అని అడిగాడు.

తల ఊపాను.

నేనేమీ మాట్లాడకపోయినా ఇంకాసేపు నా నోటి వైపే చూశాడు. తర్వాత వేలు ముందుకు చాపాడు. నేనే పట్టుకొని సిరాలో అద్ది కాగితం మీద ఒత్తించాను. ఆ రోజు ఆయన వేలిని తల వెనక రుద్దుకోలేదు. ఒంటికి దూరంగా పట్టుకొని గేటు దాకా నడిచి, మిల్లు గోడకు తుడిచాడు.

నక్షా మంజూరైంది. షెడ్డు లేచింది, ట్యాంకర్లు వచ్చాయి, మా ఆఫీసూ గేటు ఎదుటి బిల్డింగులోకి మారింది. మిల్లు గోడలు పడగొట్టి నేల చదును చేశారు. ఆడవాళ్ళ గది మాత్రం తర్వాత చూద్దామన్నారు. ఎప్పుడూ తర్వాతకు పోయేది అదే. బండ్లు తిరగడం మొదలైన మొదటి వారంలోనే పంచు తాత వచ్చాడు. చెప్పులు గేటు బయట విడిచి, నడుచుకుంటూ పోయి, తిరిగే చోటు నడిమధ్యన నిలబడ్డాడు.

డ్రైవర్లు హారన్లు కొట్టారు. "ఎవనికి కొడుతున్నవ్ రా, గోడకా?" అని మిగతావాళ్ళు నవ్వారు. తిట్టారు, బతిమాలారు. ఆయన కదల్లేదు. చివరికి చుట్టూ తిప్పుకొని పోయారు. మర్నాడూ అంతే. బండ్లు బయలుదేరే వేళకు వచ్చేవాడు, పోయాక హోటల్‌కు పోయేవాడు. మధ్యాహ్నం తిరిగి వచ్చే వేళకు మళ్ళీ నిలబడేవాడు. ఆదివారం బండ్లు ఆలస్యంగా కదిలేవి, చర్చిలో ప్రార్థన ముగించుకొని వచ్చేవాడు. అక్కడ కూడా ఢోలక్ వాయించేవాని పక్కనే కూర్చొని, బల్ల మీద అరచేయి ఆనించి పాటలు 'వినేవాడట'. కొన్ని నెలలకు బండ్ల దారి గుండ్రంగా నలిగింది. ఆయన్ని ఎవరూ ఏమీ అనడం మానేశారు. యార్డులో ఒక స్తంభం ఉంటే ఎట్లా ఉంటుందో అట్లా అయ్యాడు.

నాకు కోపం వచ్చేది. చాదస్తం అనుకొనేవాణ్ణి. ఆ కోపం ఒక పొద్దున భయమైంది.

ఆ రోజు కొంచెం ముందుగా యార్డుకు పోయాను. గేటు దాటగానే ఏదో తేడాగా అనిపించింది. ఊడ్చే ఆడవాళ్ళు ఎనిమిది మంది చీపుర్లు పట్టుకొని ఆ గుండ్రం బయట నిలబడి ఉన్నారు. గుండ్రంలో పంచు తాత. అందరూ మాట్లాడుకుంటున్నారు. నోళ్ళు కదులుతున్నాయి, చేతులు కదులుతున్నాయి. ఒకామె పొట్ట పట్టుకొని నవ్వుతోంది. ఒక్క చప్పుడు లేదు. పిచ్చుకల అరుపు వినపడుతోంది గాని వాళ్ళ నవ్వు వినపడటం లేదు. నా చెవులే పోయాయేమో అనుకొని దగ్గాను. నా దగ్గు నాకు వినపడింది. అప్పుడందరూ నా వైపు తిరిగి నోళ్ళు మూసుకున్నారు.

ఆడవాళ్ళకు పెద్ద మార్తమ్మ. మనూర్ వైపు నుంచి వచ్చిన మనిషి, ఎవరికీ బెదరదు.

"ఏందిది మార్తమ్మా, నోరు తెరుస్తున్నరు, చప్పుడు లేదు?"

"మిల్లు ముచ్చట సారు. మా అమ్మ గా మిల్లులనే చేసింది. మిషన్లు నడుస్తుంటే మాట వినపడదు గదా, నోరు సూసి మాట్లాడుకునుడే. మాకు తాత మళ్ళ నేర్పిండు." కొంగుతో మూతి తుడుచుకొని నవ్వింది. "నోరు గదిలితే సాలు, తాత ఇడువడు. మీ ఆఫీసు కిటికీలల్ల సూసి, ఎవలు ఎవల్ని తిడుతున్నరో అన్ని మాకు జెప్తడు."

మిల్లు స్థలంలో ఆ మధ్యాహ్నం నేను చదివిన ప్రతి అక్షరమూ ఆయన నా పెదాల మీద చదివాడు. చదివాక, బాయి రాసినవా అని అడిగాడు. నేను తల ఊపింది చూశాడు. చూసి వేలు ఇచ్చాడు. గుండ్రంలో నుంచి ఆయన నా వైపే చూస్తున్నాడు. నా కళ్ళ వైపు కాదు.

ఆ తర్వాత ఆయన ఎదుట మాట్లాడటం మానేశాను. ఏదన్నా చెప్పాలంటే పక్కకు తిరిగి చెప్పేవాణ్ణి. ఇంట్లో అద్దం ముందు గడ్డం గీసుకుంటూ నా నోరు నేను చూసుకొనేవాణ్ణి. పెదాలు నాకు తెలియకుండా ఏదో అంటున్నట్టుండేది. ఆయన మాత్రం నన్ను ఒక్కమాట అడగలేదు. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదనే అనుకున్నాను. వచ్చేవాడు, నిలబడేవాడు, పోయేవాడు. తిట్టి ఉంటే తిట్టు తిని ఊరుకొనేవాణ్ణి.

ఆయన్ని అక్కడ నుంచి తీసేస్తే నాకు నిమ్మళం అనిపించింది. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అయినా చెప్పాలి. ఒకనాడు గేటు దగ్గర ఎదురుపోయి ఆపాను. అంత దగ్గరగా, ఆయన ముఖంలోకి చూస్తూ మాట్లాడటం ఆ మధ్యాహ్నం తర్వాత అదే మొదలు.

"ఇగ రావొద్దు తాతా. బండ్లు తిరిగే జాగ. నీకేమన్న అయితే నా మీదికొస్తది."

ఒక్కొక్క మాటా నిదానంగా, పెదాలు బాగా కదిలేటట్టు అన్నాను. ఆయన మొత్తం చూశాడు. చెప్పులు విడిచాడు.

"వినపడలే సారూ" అన్నాడు. ఎప్పుడూ అరిచే మనిషి ఆ ఒక్క మాట మెల్లగా అన్నాడు. నా పక్కనుంచి లోపలికి పోయి తన చోట నిలబడ్డాడు.

ఆయనకు తెలుసని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. ఆ తర్వాత ఒక సంవత్సరం పైన మేమిద్దరం ఒకే యార్డులో అట్లా గడిపాం. బావి సంగతి ఏ ఒక్క రోజైనా నేను చెప్పి ఉండవచ్చు.

ముసురు పట్టిన వారం ఆయన రాలేదు. జ్వరమన్నారు. తర్వాత చర్చి గంట మోగింది. మట్టి వేయడానికి నేను పోలేదు. డిపో దగ్గర ఒక దుకాణంలో గొడుగు బేరం చేస్తున్నట్టు నిలబడి, పెట్టె పోతుంటే చూశాను. మర్నాడు మార్తమ్మ "రాకపోతివి సారు" అంది.

ఆయన లేకపోయినా బండ్లు అట్లాగే తిరిగి పోవడం నేను చూసింది ఆ తర్వాతే. నాలుగు రోజులకు మా పెద్ద సారు పిలిచాడు. ఆయన నాకన్నా చిన్నవాడు, పని చేయాలనే తపన ఉన్నవాడు. టేబుల్ మీద యార్డు ఫోటో పెట్టాడు. డ్రోన్‌తో పైనుంచి తీసింది. ఎర్రటి నేల మీద టైర్ల జాడలు ఒక గుండ్రాన్ని గీసి ఉన్నాయి. నడుమ పచ్చటి గడ్డి. తెరిచి పెట్టిన కన్నులాగా ఉంది.

"ఇది చూడండి. ఇంత చోటు ఊరికే పోతోంది. బండ్లు ఎటూ దీని మీదికి పోవడం లేదు. ఆడవాళ్ళ గది ఇక్కడ కట్టేద్దాం. ఎన్నాళ్ళ నుంచో అడుగుతున్నారు పాపం."

"అక్కడ వద్దు సార్."

"ఎందుకు?"

"బండ్లు తిరగడానికి కష్టమవుతుంది."

"తిరుగుతూనే ఉన్నాయి కదా."

కిటికీలోంచి యార్డు కనపడుతోంది. మార్తమ్మావాళ్ళు గోడ నీడన కూర్చొని డబ్బాలు విప్పుకుంటున్నారు. వాళ్ళు రేపు ఎక్కడ కూర్చొని అన్నం తింటారో ఫోటోలో నా ఎదుట ఉంది. ఆ గుండ్రం నడుమ ఇప్పుడు నిలబడటానికి ఎవరూ లేరు.

"సార్, దాని కింద బావి ఉంది" అన్నాను.

"రికార్డులో లేదే."

"లేదని నేను రాశాను సార్."

ఆయన ఫోటో మీద నుంచి చేయి తీసేశాడు.

మర్నాడు జేసీబీ తెప్పించారు. జేసీబీ నడిపేవాడు గడ్డి అంచు దాకా వచ్చి ఇక ముందుకు రానన్నాడు. అంచు నుంచే తొండం చాపి, నడుమ ఒక్కసారి గీకాడు. నేల కూలలేదు. గొంతులోకి ముద్ద దిగినట్టు మెల్లగా, చప్పుడు లేకుండా లోపలికి దిగింది. ముందు గడ్డి, తర్వాత మట్టి, తర్వాత ఎర్రటి తుప్పు పొడి. చల్లటి గాలి పైకి వచ్చింది. పాత పత్తిగింజల వాసన. ఎవరో రాయి వేశారు. అది మరిచిపోయేంత సేపటికి చప్పుడు వచ్చింది.

దుమ్ము తగ్గాక చూశాం. ఒడ్డు చుట్టూ రాతి కట్టడం ఇంకా గట్టిగా ఉంది. కొండంత బరువైనా మోస్తుంది. నడుమకు పోయినకొద్దీ దూలాలు చెద పట్టి పుల్లలైపోయాయి. నడిమధ్యన, ఆ రెండు పాదాల మేర ఉండిన చోట, కూలిన అంచున మట్టి మందం జానెడు కూడా లేదు.

అక్కడే నేల మీద కూర్చున్నాను. మార్తమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"ఆయనే కప్పిండు గదా మార్తమ్మా. నడుమ ఎంత మెత్తగున్నదో ఆయన కాళ్ళకు తెల్వదా? ఒడ్డు మీద నిలబడితే ఏమైతుండె?"

"మేం గూడ అన్నం సారు. ఒడ్డు మీద నేను నిలబడితే బండ్లు నడుమలకెల్లి పోతయే అన్నడు."

"మీకు బావి సంగతి ముందే తెల్సా?"

"తాత జెప్పకుంటుంటడా? అందరికి తెల్సు. డ్రైవర్లకు గూడ జెప్పినం, సగం మంది నమ్మలే."

"మరి ఆఫీసుల ఒక్కమాట చెప్పొద్దా?"

ఆమె నా వైపు వింతగా చూసింది.

"నీకు తెల్సు గదా సారు. నువ్వు రాస్తవనే జెప్పిండు తాత. సారు మంచోడే, జర భయం, అంతే, రాస్తడు, రాసే దాక నేను నిలబడుత అన్నడు."

బావి చుట్టూ కంచె వేశారు. నక్షా మళ్ళీ మొదటి నుంచి గీయాలన్నారు. నాకు మెమో వచ్చింది. అందులో ప్రశ్నలు నాలుగైదు ఉన్నా అసలు ప్రశ్న ఒక్కటే. సదరు బావి ఉన్న సంగతి మీ దృష్టికి ఎప్పుడు వచ్చింది? పెద్ద సారు తలుపు వేసి, నెమ్మదిగా అన్నాడు.

"తవ్వినప్పుడు బయటపడిందని రాయండి. పాత స్థలం, ఎవరికి తెలుస్తుంది? అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. ఇంతటితో పోతుంది."

మంచికే చెప్పాడు. కాగితం తీసుకొని నా టేబుల్ దగ్గర కూర్చున్నాను. పెద్ద సారు చెప్పినట్టు రాస్తే కాదనడానికి కాగితం మీద ఏ ఆధారమూ లేదు. జవాబు ఒక్క వాక్యమే రాసి సంతకం చేశాను.

'పంచనామా రోజునే, సాక్షి వేలిముద్ర తీసుకోవడానికి ముందు, సాక్షి స్వయంగా నాకు చూపించాడు.'